రక్తం గ్రూపును బట్టి ప్రాణం నిలుస్తుందా?



ఈ నెల ఆరోగ్య పాఠానికి కారణం ఒక తల్లి అడిగిన ప్రశ్న. వానాకాలంలో డెంగ్యూ జ్వరంతో తొమ్మిదేళ్ల బాబును మా పిల్లల వార్డులో చేర్చారు. రక్త పరీక్షల కాగితం చేతికి రాగానే ఆ తల్లి ప్లేట్‌లెట్ల సంఖ్య అడగలేదు. కాగితం మీద ఒక మూలన ఉన్న అక్షరం మీద వేలు పెట్టి, "సిస్టరమ్మా, మా పిలగానిది ఎ గ్రూపట గదా. ఎ గ్రూపోళ్లకు వైరస్ జరమొస్తె కష్టమంటరు. పాణానికి ఏమన్న అయితదా?" అని ఏడ్చింది.

ఈ మాట మేము కొత్తగా విన్నది కాదు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ వచ్చినప్పుడు ప్రతి మంచం దగ్గరా విన్నాము. "ఓ గ్రూపువారికి ఏమీ కాదు", "ఎ గ్రూపువారు జాగ్రత్త" అనే మాటలు ఫోన్లలో ఊరూరా తిరిగాయి. ఆ వ్యాధి తగ్గుముఖం పట్టినా ఆ మాట మాత్రం మన ఇళ్లలో మిగిలిపోయింది. ఇప్పుడది డెంగ్యూకు, ఫ్లూకు, ఏ జ్వరానికైనా వర్తిస్తుందని చాలామంది నమ్ముతున్నారు. ఆ మాటలో ఎంత నిజం ఉంది, ఎంత లేదు, దానిని నమ్మితే ఏమి జరుగుతుంది అనేవి ఈ పాఠంలో చూద్దాం.

రక్తం గ్రూపు అంటే ఏమిటి?

మన రక్తంలోని ఎర్ర కణాల పైపొర మీద కొన్ని రకాల చక్కెర పదార్థాలు అతుక్కుని ఉంటాయి. ఒక రకం ఉంటే ఎ గ్రూపు, మరో రకం ఉంటే బి గ్రూపు, రెండూ ఉంటే ఎ.బి. గ్రూపు, రెండూ లేకపోతే ఓ గ్రూపు. వియన్నా నగరంలో పనిచేసిన డాక్టర్ కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తం గ్రూపుల సంగతి లోకానికి తెలియజేశారు. అందుకు 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆయన పుట్టినరోజైన జూన్ 14ను ఇప్పుడు ప్రపంచ రక్తదాతల దినంగా జరుపుకుంటున్నాము.

గ్రూపు పక్కన పాజిటివ్, నెగెటివ్ అని రాసేది ఆర్.హెచ్. అనే మరో గుర్తును బట్టి. మన దేశంలో నెగెటివ్ ఉన్నవారు నూటికి సుమారు ఐదుగురే. మన తెలుగు ప్రాంతాలలో ఓ గ్రూపువారు, బి గ్రూపువారు ఎక్కువ. ఎ.బి. గ్రూపువారు అందరికంటే తక్కువ.

గ్రూపు తల్లిదండ్రుల నుండి వస్తుంది. పుట్టినప్పుడు ఏ గ్రూపో చివరి వరకు సాధారణంగా అదే. తిండితోనో, మందుతోనో మారదు. అందుకే దానిని తలరాతలా చూడటం మనకు సులభమవుతుంది.

ఈ ప్రశ్న కోవిడ్‌తో పుట్టలేదు

మన తాతముత్తాతల కాలంలో మశూచి వచ్చేది. అమ్మవారు పోసిందనేవారు. అదీ వైరస్ వ్యాధే. 1960లలో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ వోగెల్, మన దేశానికి చెందిన చక్రవర్తి కలిసి పశ్చిమ బెంగాల్, బీహార్ పల్లెలలో టీకా వేయించుకోని మశూచి రోగుల రక్తం పరీక్షించారు. వారి అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల రక్తంతో పోల్చి చూశారు. ఎ, ఎ.బి. గ్రూపులవారికి మశూచి ఎక్కువగా వచ్చిందనీ, తీవ్రత, మరణాలు కూడా వారిలోనే ఎక్కువనీ 1966లో ప్రకటించారు.

ఇంచుమించు అదే కాలంలో మద్రాసులో మరో వైద్య బృందం కూడా మశూచి రోగుల గ్రూపులను పరిశీలించింది. గ్రూపుకూ మశూచి తీవ్రతకూ సంబంధం కనబడలేదని ఆ బృందం 1965లో తెలియజేసింది. ఒకే దేశం, ఒకే వ్యాధి, ఒకే ప్రశ్న. జవాబులు మాత్రం రెండు.

ఆ వాదన తేలకముందే మశూచి పోయింది. మన దేశంలో చివరి కేసు 1975లో కనబడింది. 1980లో ప్రపంచమంతటా మశూచి అంతరించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దానిని తరిమింది ఇంటింటికీ తిరిగి వేసిన టీకా. ఆ టీకా వేసేవారు ఎవరి గ్రూపూ అడగలేదు. మన ఇళ్లలో పెద్దవారి చేతి మీద ఇప్పటికీ ఆ మచ్చ కనిపిస్తుంది. ఎ గ్రూపువారి చేతికీ అదే మచ్చ, ఓ గ్రూపువారి చేతికీ అదే మచ్చ.

కోవిడ్ కాలంలో ఏమి తెలిసింది?

2020 మార్చిలో చైనా వైద్యులు 2,173 మంది కోవిడ్ రోగుల గ్రూపుల లెక్క బయటపెట్టారు. రోగులలో ఎ గ్రూపువారు ఎక్కువ, ఓ గ్రూపువారు తక్కువ అని తేలింది. ఫోన్లలో తిరిగిన మాటకు మూలం ఇదే.

అదే సంవత్సరం జూన్‌లో ఇటలీ, స్పెయిన్ దేశాలలో ఊపిరి అందక ఆసుపత్రులలో చేరిన 1,980 మంది మీద జరిపిన పరిశోధన వచ్చింది. అందులోనూ ఎ గ్రూపువారికి ప్రమాదం కొంత ఎక్కువగా, ఓ గ్రూపువారికి కొంత తక్కువగా కనిపించింది. అక్టోబరులో కెనడాలోని వాంకూవర్ నగరం నుండి ఐ.సి.యు.లో ఉన్న 95 మంది లెక్క వచ్చింది. ఎ, ఎ.బి. గ్రూపులవారిలో నూటికి 84 మందికి వెంటిలేటరు అవసరమైంది. ఓ, బి గ్రూపులవారిలో నూటికి 61 మందికి అవసరమైంది.

ఇంతవరకు వింటే ఎ గ్రూపువారికి భయం కలుగుతుంది. మిగతా లెక్కలు కూడా వినండి.

డెన్మార్క్ దేశంలో పరీక్ష చేయించుకున్న 4,73,654 మంది గ్రూపులను చూశారు. కోవిడ్ సోకినవారిలో ఓ గ్రూపువారు నూటికి 38 మంది, ఆ దేశ జనాభాలో సుమారు 42 మంది. అంటే సోకడంలో చిన్న తేడా ఉంది. కాని సోకిన తరువాత ఆసుపత్రిలో చేరడానికీ, మరణానికీ గ్రూపుతో సంబంధం కనబడలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1,289 మంది రోగులను చూస్తే వెంటిలేటరు పెట్టడానికీ మరణానికీ గ్రూపుతో సంబంధం లేదని తేలింది. అదే దేశంలో యూటా, ఐడహో, నెవాడా రాష్ట్రాలలో 1,07,796 మంది లెక్క 2021లో వచ్చింది. అందులో సోకడానికీ, తీవ్రతకూ కూడా గ్రూపుతో సంబంధం కనబడలేదు.

మన దేశంలో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి తన ప్రయోగశాలల సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు 10,427 మందికి రక్త పరీక్షలు చేయించింది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి సంస్థలు ఆ మండలివే. వైరస్ సోకిన గుర్తు ఓ గ్రూపువారిలో తక్కువగా, ఎ.బి., బి గ్రూపులవారిలో ఎక్కువగా కనిపించిందని 2021 జనవరిలో పత్రికలలో వచ్చింది. ఇక్కడ ఎ గ్రూపు పేరు ముందుకు రాలేదన్నది గమనించండి. అదే పరిశీలనలో పొగ తాగేవారికి కూడా తక్కువ సోకినట్లు కనిపించింది! అది చదివి ఎవరైనా బీడీ మొదలుపెడితే తెలివైన పనేనా? పొగ తాగేవారికి కోవిడ్ వస్తే ఊపిరితిత్తులు త్వరగా దెబ్బతింటాయని వైద్యులందరికీ తెలుసు. ఒక లెక్కలో కనిపించిన తేడాను వెంటనే మన బతుకుకు సూత్రంగా చేసుకోకూడదు.

కనుక ఇప్పటివరకు తెలిసినది ఇది. వైరస్ సోకడంలో గ్రూపులను బట్టి చిన్న తేడా ఉండవచ్చు. జబ్బు ముదిరి ఐ.సి.యు.లో ఉన్నవారు బతకడంలో గ్రూపు పాత్ర ఉందా అంటే, కొన్ని చోట్ల ఉన్నట్లు, మరికొన్ని పెద్ద లెక్కలలో లేనట్లు కనిపించింది. ఉన్నా అది చిన్నదే.

"చిన్న తేడా" అంటే ఎంత?

చైనా లెక్కనే తీసుకుందాం. వుహాన్ నగరంలో మామూలు ప్రజలలో ఓ గ్రూపువారు నూటికి సుమారు 34 మంది. అక్కడి పెద్ద ఆసుపత్రిలోని కోవిడ్ రోగులలో ఓ గ్రూపువారు నూటికి సుమారు 26 మంది. 34 ఉండవలసిన చోట 26 ఉన్నారు. తేడా నిజమే.

కాని ఆ వార్డులో నడిచే నర్సుకు ఏమి కనిపిస్తుంది? ప్రతి నాలుగు మంచాలలో ఒక మంచం మీద ఓ గ్రూపు రోగి కనిపిస్తాడు. "ఓ గ్రూపువారికి రాదు" అన్న మాట ఆ వార్డు గుమ్మంలోనే అబద్ధమైపోతుంది. వర్షంలో గొడుగు కొంచెం పెద్దదైతే కొంచెం తక్కువ తడుస్తాము, అంతే. వరద వస్తే గొడుగు కాపాడదు.

ఈ తేడా ఎందుకు ఉండవచ్చు?

వైద్యులు రెండు కారణాలు చెబుతున్నారు. మొదటిది: ఓ గ్రూపువారి రక్తంలో ఎ, బి రెండు రకాల చక్కెరలకూ ఎదురు తిరిగే రక్షక పదార్థాలు పుట్టుక తరువాత మొదటి నెలలలోనే తయారవుతాయి. ఎ గ్రూపు మనిషి నుండి బయటికి వచ్చిన వైరస్ మీద ఎ గుర్తు ఉంటే, ఓ గ్రూపువారి శరీరం దానిని కొంత అడ్డుకోవచ్చని ఊహ. 2003లో సార్స్ వ్యాధి వచ్చినప్పుడు హాంకాంగ్‌లోని ఒక ఆసుపత్రిలో ఒకే రోగి దగ్గర మెలిగిన సిబ్బందిని చూస్తే, ఓ గ్రూపువారికి తక్కువగా సోకింది. అయితే అది కొద్దిమంది లెక్క మాత్రమే.

రెండవది: రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఒక పదార్థం ఓ గ్రూపువారిలో మిగతావారికంటే సుమారు నాలుగో వంతు తక్కువగా ఉంటుంది. కోవిడ్ ముదిరినప్పుడు ఊపిరితిత్తులలో రక్తం గడ్డలు ఏర్పడేవి. అందుకని ఓ గ్రూపువారికి కొంత మేలు జరిగి ఉండవచ్చు.

దీనికి మరో వైపు కూడా ఉంది. డెంగ్యూ గడ్డలు కట్టే వ్యాధి కాదు. రక్తనాళాల నుండి నీరు బయటకు ఊరి, బి.పి. పడిపోయే వ్యాధి. కోవిడ్ సంగతి డెంగ్యూకు వర్తించదు. థాయిలాండ్‌లో 2007లో వెలువడిన ఒక పరిశీలనలో, రెండవసారి డెంగ్యూ వచ్చినవారిలో ఎ.బి. గ్రూపువారికి తీవ్రత ఎక్కువగా కనిపించింది. అక్కడ ఎ గ్రూపు మాట రాలేదు. కనుక మన వార్డులోని తల్లి భయానికి ఆధారమే లేదు.

మేము చూసిన రెండు మంచాలు

2021 మే నెల. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ మాకు నిద్ర పట్టదు. ఒక మంచం మీద యాభై దాటిన మనిషి, షుగరు ఉంది, ఓ పాజిటివ్. జ్వరం వచ్చిన తొమ్మిదో రోజున తీసుకువచ్చారు. వేలికి యంత్రం పెడితే ఆక్సిజన్ 74 చూపింది. "ఓ గ్రూపోళ్లకు ఏం గాదని అందరన్నరు, గందుకే ఆగినం సిస్టరమ్మా" అని భార్య చెప్పింది. పక్క మంచం మీద ఇంచుమించు అదే వయసు ఆడమనిషి, ఎ పాజిటివ్. ఆమె భయపడి నాలుగో రోజునే వచ్చింది. అప్పటికి ఆక్సిజన్ 91. "నాది ఎ గ్రూపు, నేను బతకను" అని పిల్లలకు అప్పగింతలు కూడా చెప్పింది.

ఆ మనిషిని మేము కాపాడలేకపోయాము. ఆ తల్లి పన్నెండో రోజున నడిచి ఇంటికి వెళ్లింది.

ఇది చదివి "అయితే ఎ గ్రూపే మంచిది" అనుకోకండి. ఇద్దరిని చూసి సూత్రం చెప్పకూడదు. ఆ వార్డులోనే దీనికి తారుమారుగా జరిగినవి కూడా ఉన్నాయి. మేము చెప్పేది ఒక్కటే. వారిద్దరి మధ్య మా కళ్లకు కనిపించిన పెద్ద తేడాలు గ్రూపు కాదు. ఐదు రోజుల ఆలస్యం, అదుపులో లేని షుగరు. ఆయనకు గ్రూపు చేసిన మేలు ఏమైనా ఉందో లేదో మాకు తెలియదు. గ్రూపు మీద పెట్టుకున్న ధీమా మాత్రం ఆయనకు ఐదు రోజులు నష్టం చేసింది.

ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ రోజులలో మేము కూడా కేసు షీటు తెరవగానే గ్రూపు గడి వైపు చూసేవాళ్లము. ఓ అని ఉంటే మనసులో కొంచెం ఊరట, ఎ అని ఉంటే కొంచెం దిగులు. తోటి సిస్టర్లు తమ గ్రూపు ఏమిటో ఒకరికొకరు చెప్పుకుని డ్యూటీకి వెళ్లేవారు. మేమూ మనుషులమే. కొద్ది వారాలు గడిచాక, ఆ గడి చూసి మేము చేసే పని ఒక్కటి కూడా మారడం లేదని గ్రహించాము. ఆక్సిజన్ ఎంత, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు, మూత్రం వస్తున్నదా, షుగరు ఎంత అనేవి చూస్తేనే పని మారుతుంది.

ప్లాస్మా కోసం పరుగులు

గ్రూపు పేరుతో కుటుంబాలు పడిన మరో బాధ కూడా చెప్పుకోవాలి. కోవిడ్ తగ్గినవారి ప్లాస్మా ఎక్కిస్తే రోగి బతుకుతాడని 2020లో ఆశ కలిగింది. ప్లాస్మాకు గ్రూపు కలవాలి. దానితో "బి పాజిటివ్ ప్లాస్మా కావాలి", "ఎ.బి. ప్లాస్మా కావాలి" అని రాత్రంతా ఫోన్లు. అప్పు చేసినవారు, హైదరాబాదు వరకు పరుగెత్తినవారు ఉన్నారు.

భారత వైద్య పరిశోధన మండలి మన దేశంలోని 39 ఆసుపత్రులలో 464 మంది రోగులతో దీనిని పరీక్షించింది. ప్లాస్మా ఎక్కించినా జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదని 2020 అక్టోబరులో ప్రకటించింది. 2021 మే నెలలో కోవిడ్ చికిత్స పద్ధతుల నుండి ప్లాస్మాను తొలగించారు. రోగి దగ్గర ఉండవలసిన మనుషులు గ్రూపు వెదుకుతూ రోడ్ల మీద తిరిగారు. వారిది ప్రేమే, తప్పు కాదు. మరోసారి ఏ వైరస్ వచ్చినా ఇలాంటి పరుగు మొదలుపెట్టే ముందు డాక్టరును ఒక్క మాట అడగండి: "ఇది నిజంగా పనిచేస్తుందని రుజువైందా?"

మరి ప్రాణం నిలిపేవి ఏవి?

2020 జూన్‌లో ఇంగ్లాండు వైద్యులు ఒక పెద్ద పరీక్ష ఫలితం చెప్పారు. డెక్సామెథసోన్ అనే పాత, చౌక మందు ఇస్తే వెంటిలేటరు మీద ఉన్నవారి మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవారి మరణాలు ఐదో వంతు తగ్గాయి. ఈ మందు అన్ని గ్రూపులవారికీ ఒకే విధంగా ఇచ్చారు. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనబడలేదు. కనుక ఇంట్లో జ్వరం రాగానే స్టెరాయిడ్ మింగడం తప్పు. షుగరు ఉన్నవారిలో అది షుగరును పెంచుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ పెరగడానికి ఉన్న కారణాలలో అదీ ఒకటి.

మందులతో పాటు మేము రోజూ చేసే పనులు ఉన్నాయి. సమయానికి ఆక్సిజన్ అందించడం. రోగిని బోర్లా పడుకోబెట్టడం. గంట గంటకూ ఊపిరి, నాడి, బి.పి. రాయడం. పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం. నోరు శుభ్రం చేయడం. చేతులు కడుక్కోవడం. చూడటానికి ఇవి చిన్న పనులు. తీవ్రమైన జబ్బులో మనిషిని ఒక రోజు నుండి మరో రోజుకు దాటించేవి ఇవే. 2021 జనవరి 16న మన దేశంలో మొదలైన కోవిడ్ టీకా కూడా తీవ్రమైన జబ్బును, మరణాలను తగ్గించింది. దానికీ గ్రూపుతో పని లేదు.

తీవ్రత ఎవరికి ఎక్కువ అన్నదానిలో పెద్ద కారణాలు ఇవి: ఎక్కువ వయసు, షుగరు, బి.పి., గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు, అధిక బరువు, పొగ అలవాటు, ఆలస్యంగా ఆసుపత్రికి రావడం. వీటిలో వయసును మార్చలేము. మిగతావాటిలో చాలా వాటిని కొంతైనా అదుపు చేయగలము. గ్రూపును మార్చలేము. అందుకే మీ దిగులును మార్చగలిగిన వాటి మీద పెట్టండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

ఏ గ్రూపువారైనా, ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఆగవద్దు.

ఊపిరికి సంబంధించిన జ్వరాలలో (కోవిడ్, ఫ్లూ):
1. కూర్చున్నా ఆయాసం రావడం, మాట పూర్తి చేయలేకపోవడం.
2. వేలి యంత్రంలో ఆక్సిజన్ 94 కంటే తగ్గడం.
3. పెదవులు నీలంగా మారడం, మనిషి మగతగా ఉండటం.
4. తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువగా రావడం.

డెంగ్యూలో:
1. కడుపులో తీవ్రమైన నొప్పి.
2. ఆగకుండా వాంతులు.
3. చిగుళ్ల నుండి, ముక్కు నుండి రక్తం, నల్లటి విరేచనం.
4. చేతులు, కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం.
5. పిల్లలు మరీ నీరసంగా, లేదా చిరాకుగా ఉండటం.

డెంగ్యూలో జ్వరం తగ్గే సమయమే జాగ్రత్తగా ఉండవలసిన సమయం. సాధారణంగా మూడో రోజు నుండి ఏడో రోజు మధ్య ఇది వస్తుంది. "జ్వరం పోయింది" అని బడికి, పొలానికి పంపకండి. నొప్పి మాత్రలు సొంతంగా వాడకండి. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి.

గ్రూపు తెలుసుకోవడం ఎందుకు మరి?

గ్రూపు పనికిరానిదని మేము అనడం లేదు. దాని పని వేరు.

రక్తం ఎక్కించవలసి వస్తే గ్రూపు తప్పితే ప్రాణాపాయం. ప్రమాదాలలో, కాన్పులలో, ఆపరేషన్లలో సరైన రక్తం సమయానికి దొరకాలి. గర్భిణీకి నెగెటివ్ గ్రూపు ఉండి, బిడ్డకు పాజిటివ్ ఉంటే తరువాతి కాన్పులో బిడ్డకు ప్రమాదం రావచ్చు. అది రాకుండా తల్లికి సమయానికి ఇంజెక్షన్ ఇస్తారు. కనుక ప్రతి గర్భిణీ గ్రూపు తెలుసుకోవాలి. ఇంట్లో అందరి గ్రూపులూ ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేసే రక్తం ఎక్కిస్తారు, అయినా దాతలను పిలవడానికి ఆ కాగితం ఉపయోగపడుతుంది.

18 నుండి 65 ఏళ్ల మధ్య ఉండి, 45 కిలోల బరువు, తగినంత రక్తం ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు ఒకసారి, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. మీ గ్రూపు మిమ్మల్ని కాపాడుతుందా అని అడగడం కంటే, మీ గ్రూపుతో ఎవరిని కాపాడవచ్చు అని అడగడం మంచిది.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మాది ఓ గ్రూపు. టీకా అవసరమా?
జవాబు: అవసరమే. డాక్టరు మీకు ఏ టీకా చెప్పినా గ్రూపు చూసి మానవద్దు.

ప్రశ్న: గ్రూపును బట్టి ఆహారం తింటే వైరస్ జబ్బులు రావంటారు. నిజమా?
జవాబు: దానికి రుజువు లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు అన్ని గ్రూపులవారికీ మంచివే.

ప్రశ్న: డెంగ్యూలో ప్లేట్‌లెట్లు తగ్గగానే మా గ్రూపు దాతలను వెదకాలా?
జవాబు: చాలామందికి ప్లేట్‌లెట్లు ఎక్కించే అవసరమే రాదు. రక్తస్రావం లేకపోతే సాధారణంగా పది వేల కంటే తగ్గినప్పుడే ఆలోచిస్తారు. డెంగ్యూలో ముఖ్యమైన చికిత్స సరైన మోతాదులో ద్రవాలు ఇవ్వడం, గంట గంటకూ కనిపెట్టి చూడటం.

ఇంతకూ ఆ బాబు సంగతి. ఆ తల్లికి మేము కాగితం మీద మరో గడి చూపించాము. మూత్రం ఎంత వచ్చిందో రాసే గడి అది. "అమ్మా, అక్షరం గురించి ఆలోచించకు. ఇవాళ బాబు ఎన్నిసార్లు మూత్రానికి పోయాడో, ఎన్ని గ్లాసులు తాగాడో నువ్వు మాకు చెప్పు. ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాము. ఆమె కళ్లు తుడుచుకుని, రాత్రంతా మేలుకుని, ప్రతి గ్లాసుకూ కాగితం మీద ఒక గీత గీసింది. నాలుగో రోజు తెల్లవారుజామున కాళ్లు చల్లబడుతున్నాయని మొదట కనిపెట్టి మమ్మల్ని పిలిచింది కూడా ఆమే. డాక్టరుగారు వెంటనే వచ్చి సెలైను మోతాదు మార్చారు. బాబు ఆరో రోజున ఇంటికి వెళ్లాడు.

వెళ్లేటప్పుడు ఆ గీతల కాగితం ఆమె మడిచి కొంగున కట్టుకుంది. మీ ఇంట్లో జ్వరం వస్తే మీరు కూడా అలాంటి కాగితం ఒకటి మొదలుపెట్టండి. మేము ఇరవై నాలుగు గంటలూ ఇక్కడే ఉంటాము.

మీ శ్రేయస్సు కోరే
నర్సింగ్ సూపరింటెండెంటు, నర్సింగ్ సిబ్బంది
మెదక్